శనివారం ఓడ ధర

మధ్యాహ్నం రెండూ పదికి, కుప్పం రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఉన్న టికెట్ల కొట్టులోకి వెళ్ళి, బెంగళూరు రైలు వేళకే నడుస్తోందా అని అడిగాను. నడుస్తోందన్నాడు కొట్టు అతను. ఈ ఏడు వానలెలా ఉంటాయంటారు అని అడిగాను. తెలియదన్నాడు. సరేనని గడప దాటి, ఒక చెప్పు తొడుక్కుని, రెండో చెప్పులో కాలు పెడుతూ, అప్పుడే గుర్తొచ్చినట్టుగా అడిగాను.

"అవునూ, ఆ సింగపూరు ఓడ ఎంత పడుతుందంటారు?"

"తలకు ముప్పై ఒక్క వెయ్యి సార్. సింగపూరు దాకా విమానం, అక్కణ్ణుంచి ఓడ, అన్నీ కలిపి."

"ఓహో," అని రెండో చెప్పు తొడుక్కుని బస్టాండు వైపు నడిచాను.

ఆ రోజు శనివారం. రెండువేల సంవత్సరం దాటాక మూడో ఏడో, నాలుగో ఏడో. ఓడ ధర అడగడం నాకదే మొదలు. ఎలా అడగాలో ముందు రోజే ఫోనులో పాఠం విన్నాను. ముందు రైలు, తర్వాత వాన, తర్వాత చెప్పులు, ఆఖరున ఓడ. పాఠం చెప్పింది మా మామ, అంటే నా భార్య తండ్రి. మదనపల్లె టమోటా మార్కెట్టులో, ఒక మండీలో ముప్పై ఏళ్ళు వేలం పాట పాడిన మనిషి. అవసరం ఉన్నవాడి ముఖం చూస్తే అమ్మేవాడు ధర పెంచుతాడని ఆయన నమ్మకం.

"నీ మొగం మంచిది కాదల్లుడా," అన్నాడు. "లోపలుండేదంతా దాని మీదనే కనపడతాది. కిందికి సూస్తా అడుగు. చెప్పులు దానికే."

నేను కుప్పంలో కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి పుంగనూరు ఇంటికి చేరేవాణ్ణి. నా భార్య పుంగనూరు నుంచి రోజూ చౌడేపల్లె వెళ్ళి, అక్కడి పాల కేంద్రంలో లెక్కలు రాసేది. ఇంట్లో మేమిద్దరమే. ఆమె ఇప్పుడు లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే కానీ, రాస్తున్నది దాని గురించి కాదు.

ఓడ కోరిక ఆమెది. తొంభైల మొదట్లో, మా పెళ్ళయిన కొత్తలో మద్రాసు వెళ్ళాం. ఆమె సముద్రం చూడడం అదే మొదలు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడింది. నేను గట్టున ఆమె చెప్పులకు కాపలా. తర్వాత ఆమె వెనక్కి తిరిగి చూసి, మొహం ముడుచుకుని బయటికి వచ్చేసింది.

"ఏమైంది?"

"వెనక్కి తిరిగితే బజ్జీల బండి కనపడతాంది. ఇదేం సముద్రమప్పా?"

"గట్టు మీద బజ్జీల బండి ఉండదా మరి?"

"గట్టే ఉండకూడదు. యాపక్క తిరిగినా నీళ్ళే ఉండాల. ఒక్క దినం అట్ల సూస్తే సాలు నాకు."

దానికి ఓడెక్కాలన్నాను. "అయితే ఓడే," అంది. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాను. పదేళ్ళ తర్వాత, ఇల్లు కట్టిన ఖర్చులు తీరాక, ఒక ఆదివారం పొద్దున దోసెలు పోస్తూ, "సార్, ఆ ఓడ ఎంత అవుతాదో కనుక్కో," అంది. అందరూ నన్ను సారంటారని ఆమె కూడా సారనేది. అందరూ మర్యాదకు అనేవారు, ఆమె ఎగతాళికి.

అప్పటికి ఆమె జీతంలోంచి డబ్బు సమకూరింది. కానీ మా మామ ఇంట్లో పుట్టినవాళ్ళు చెప్పిన ధరకు ఏ వస్తువూ కొనరు. కొంటే దాన్ని దాచిపెట్టుకుంటారు, దొంగ సొత్తు దాచినట్టు. పాల కేంద్రంలో ఆమెకున్న ఒకే ఒక అసంతృప్తి కూడా అదే. అక్కడ పాల చిక్కదనం చూసి, గోడ మీద రాసిపెట్టిన ధర ఇచ్చేస్తారు. "సెప్పేదీ లేదు, తగ్గించేదీ లేదు. ఇదేం యాపారం, గుళ్ళో గంట కొట్టినట్టు," అనేది.

ఆమెకు ఇంకో విద్య కూడా వచ్చు. పశువుల సంతలో బేరం నోటితో చెయ్యరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చేస్తారు. పట్టుకున్న వేళ్ళెన్నో ధర అంత; ఐదు దాటితే ఐదూ పట్టుకుని, వెంటనే మిగతావి. పక్కన నిలబడిన వాడికి ఏమీ తెలియదు. మా మామ కూతురికి చిన్నప్పుడే అది నేర్పాడు. ఆమె నాకు నేర్పింది. మదనపల్లెలో బట్టల కొట్టులో కూర్చున్నప్పుడు, కొంగు కింద నా చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కేది. నేను ఆ అంకె పైకి చెప్పాలి. చూసేవాళ్ళు మమ్మల్ని చాలా అన్యోన్యమైన జంట అనుకునేవారు. అన్యోన్యంగానే ఉండేవాళ్ళం, కానీ ఆ సమయంలో మాత్రం కాదు.

ధర కుప్పంలో అడిగేవాణ్ణి. అది శనివారం సాయంత్రానికి పుంగనూరు చేరేది. ఆదివారం మేమిద్దరం మదనపల్లె వెళితే, మా మామ వసారాలో కూర్చుని తీర్పు చెప్పేవాడు. ముప్పై ఒక్క వెయ్యి అనగానే ఆయన నవ్వాడు.

"పాట ఇప్పుడే మొదలయింది. ఆగండి. టమోటాకు రెండే మంచి ధరలు, కొనేటోనికి. తెల్లారి బోణీ ధర ఒకటి, మద్దేనం ఆఖరి గంపల ధర ఒకటి. నడిమధ్య కొనేటోడు ఎర్రోడు."

"ఓడలో గది టమోటా అవుతుందా మామా?" అన్నాను.

"యాల కాదు? ఓడ కదిలినాక మిగిలిపోయిన గదిని వాడేం చేసుకుంటాడు? పొద్దుగూకినాక మిగిలిన గంప మాదిరే. ఆవుల ముందర పోసుకోవాల్సిందే."

"గదిని ఆవులు తింటాయా నాయనా?" అంది నా భార్య.

"నువ్వు నవ్వుకో. నేను సెప్పేది రాసిపెట్టుకో."

రాసిపెట్టుకుంది కూడా. టికెట్ల కొట్టు అతను ఉచితంగా ఇచ్చిన క్యాలెండరు వంటింట్లో ఉండేది. దాని మీద ప్రతి శనివారం గడిలో ఆ వారం ధర వేసేది. ఇరవై నాలుగు వేలకు వస్తే కొనాలి. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. అడిగితే, "అంతకు పైన ఇస్తే నీళ్ళు సూడబుద్ధి కాదు, డబ్బే కనపడతాది," అంది.

ఆ వేసవంతా, కాలేజీ సెలవుల్లో కూడా శనివారం శనివారం కుప్పం వెళ్ళి వస్తూ, నేను రైలు, వాన, చెప్పుల వరుస తప్పలేదు. మూడో వారానికే కొట్టు అతను నేను లోపలికి రాగానే, "రైలు కరెక్ట్ టైమే సార్, వాన తెలీదు," అని, నేను చెప్పులు తొడుక్కునేదాకా ఓపికగా కూర్చునేవాడు. ముప్పై ఒకటి ముప్పై అయింది. ఇరవై ఎనిమిది అయింది. అక్కడే కొన్నాళ్ళు నిలబడింది. సెలవులు మరి పది రోజుల్లో అయిపోతాయనగా, ఒక శనివారం అతను నన్ను చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు.

"ఇరవై మూడు సార్! బెంగళూరులో ఒక గుంపు వెళ్ళేది మానుకున్నారు. బుధవారం బయల్దేరాల. పాస్‌పోర్టులు ఇచ్చేయండి, ఈ పొద్దే పంపిస్తా."

మాకు పాస్‌పోర్టులు లేవు.

మరిచిపోయి కాదు. బాగా ఆలోచించే తీసుకోలేదు. పాస్‌పోర్టు కాగితాలు నింపి పంపేది కూడా ఆ కొట్టు అతనే. అతని దగ్గర తీసుకుంటే మేము ఓడెక్కడానికి సిద్ధంగా ఉన్నామని తెలిసిపోతుంది, ధర దించడు. ఇది తండ్రీకూతుళ్ళు ఇద్దరూ కలిసి చేసిన నిర్ణయం. నేను సముద్ర ప్రయాణాల పుస్తకాలు అలమారా నిండా చదివినవాణ్ణి. పాస్‌పోర్టు చేతికి రావడానికి నెల పైన పడుతుందని నాకైనా తట్టి ఉండాలి. తట్టలేదు. ఆ ఇంటి మాట మీద అంత గురి నాకు.

మర్నాడు వసారాలో మా మామ మా ఇద్దరి వంకా చూసి తల కొట్టుకున్నాడు.

"ధర వచ్చినాక గంపలు ఎతుక్కునేటోళ్ళను మా మండీలో ఏమంటారో తెలుసునా?"

"నువ్వే కదా నాయనా తియ్యొద్దనింది?"

"నేననింది ధర సంగతి పాపా. పాస్‌పోర్టు సంగతి నాకేం తెలుసు? నేనెప్పుడన్నా పోయినానా యాడికన్నా?"

ఆమె బస్సులో పుంగనూరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక ఆ శనివారం గడిలో ఇరవై మూడు వేసి, చుట్టూ గుండ్రంగా గీసింది. కోపంతో కాదు. తన లెక్క నిజమైందని. ఓడ పోయినందుకు బాధ, ధర పడినందుకు సంతోషం, రెండూ ఆ గీతలో ఉన్నాయి.

పాస్‌పోర్టులు తర్వాతి చలికాలంలో వచ్చాయి, కుప్పం అతనికి తెలియకుండా. విచారణకు పోలీసు ఇంటికి వచ్చిన రోజు మా వీధిలో ఒకావిడ నా భార్యను పక్కకు పిలిచి, "సార్ అట్లాంటోడు కాదు కదమ్మా, ఏం చేసినాడు?" అని అడిగింది. "ఓడ బేరం చేసినాడక్కా," అంది నా భార్య.

రెండో ఏడు లెక్క మారింది. జనవరిలోనే కొట్టు అతను, ఇప్పుడు కట్టేస్తే ఇరవై ఆరుకే ఇస్తానన్నాడు. ఇది బోణీ ధరే కదా అన్నాను ఇంట్లో. ఆమె ఒప్పుకోలేదు. "బోణీ అంటే కాయ సూపించి సెప్పే ధర. వీడు పూతకు సెప్తాండాడు. మే నెలలో ఎవురికి జ్వరమో, ఎవురి ఇంట్లో పెండ్లో." ఆ మాటలో తప్పులేదు. కానీ ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది అయింది, మార్చికి ముప్పై.

ఆఖరి గంపల ధర కోసం మళ్ళీ కాచుకున్నాం. అప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఓడ కదిలే రోజు దగ్గరపడే కొద్దీ గది ధర నిజంగానే దిగుతోంది. కానీ విమానం టికెట్టు ఎక్కుతోంది. ఒకటి దిగినంతా ఇంకొకటి ఎక్కి, మొత్తం ఇరవై తొమ్మిది దగ్గర కదలకుండా కూర్చుంది.

"అది అంతేలే," అన్నాడు మా మామ, ఈసారి కొంచెం నెమ్మదిగా. "గంప సవకైతే లారీ బాడిగ పిరమైతాది. రెండూ ఒకనాడు దిగవు."

"పోయినేడు దిగె కదా?"

"పోయినేడు దిగిందని ఈ యేడూ దిగితే, మన రైతులందరూ ఓడల్లోనే తిరుగుతాంటారు పాపా."

ఆ రోజు బస్సులో ఆమె, "పోనీలే సార్, వచ్చే ఏడు సూద్దాం," అంది.

ఆ మాట ఎలా అందో నాకు గుర్తుంది. చాలా తేలికగా అంది. ధర లేక రోడ్డు పక్కన టమోటా పారబోసి, ఖాళీ గంపలు బండిలో వేసుకుని ఇంటికి పోయే రైతులు కూడా అంత తేలికగానే మాట్లాడుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఆమె విన్న గొంతు అది. ఓడ మాకు ఆదివారం మాట్లాడుకునే కబురుగా మిగిలిపోతుందనీ, ఆమె నీళ్ళ మధ్య ఎప్పటికీ నిలబడదనీ నాకు అప్పుడనిపించింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఆమెకప్పుడు ఏ జబ్బూ లేదు. ముందే ఏదో మనసుకు తెలిసి తొందరపడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. అది అబద్ధం.

ఆ వచ్చిన శనివారం రెండూ పదికి కొట్టులోకి వెళ్ళి, రైలు గురించీ వాన గురించీ అడగకుండా, ఇద్దరికీ కట్టేయమన్నాను. ఇరవై తొమ్మిది వేల లెక్కన. మా మామ లెక్కలో అది ఎర్రివాడి ధర. కొట్టు అతను ఒకసారి నా కాళ్ళ వైపు చూశాడు, చెప్పులు తొడుక్కోలేదేమని.

పుంగనూరుకు రెండు గంటలకు పైగా ప్రయాణం. పలమనేరు దాటేలోగా అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఇంట్లో కాళ్ళు కడుక్కుని, కింద చూస్తూ చెప్పాను.

"ఇరవై నాలుగుకు వచ్చింది. కట్టేశాను."

ఆమె అన్నం వడ్డిస్తోంది. "ఇరవై నాలుగా? బాగుండాది," అంది. నెయ్యి వేసింది. మొదట ఎంత చెప్పాడని గానీ, ఎలా దింపావని గానీ అడగలేదు. అడగలేదన్న సంగతి నాకు ఆ పూట తట్టలేదు. గండం గడిచిందని రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మర్నాడు మదనపల్లెలో ఆమె తండ్రితో ఇరవై రెండని చెప్పింది. నేను ఆమె వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు. "శబాష్ అల్లుడా, నీ మొగం మారింది," అన్నాడు మామ. ఆ వారంలోనే మండీలో ఎవరితోనో ఇరవై అన్నాడట. ఇంకో రెండు చేతులు మారితే ఓడవాళ్ళే మాకు ఎదురిచ్చి తీసుకుపోయేవాళ్ళు.

ఓడ ఎక్కాం. దాని గురించి రాయడానికి నా దగ్గర ఎక్కువ లేదు. పెద్దది, తెల్లది, లోపల లిఫ్టులున్నాయి. అన్నం మాత్రం మనది కాదు. ఆమె ఇంటి నుంచి తెచ్చిన చింతకాయ పచ్చడి సీసా మూడు పూటలూ టేబుల్ మీద పెట్టింది. మొదటి సాయంత్రం నుంచే పైన తిరుగుతూ, మన దేశం వాళ్ళు ఎవరు కనపడినా, "మీరెంతకు కట్టినారు?" అని అడిగింది. అడిగిన వాళ్ళందరిదీ తలా ఒక ధర. ఆమె ఎవరి దగ్గరికి పోతున్నా, మాట మార్చడానికి నేనూ వెనకాలే పోయేవాణ్ణి. హోసూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన, భార్యతో కలిసి, ఐదు రోజుల ముందు కట్టామనీ, తలకు ఇరవై మూడనీ చెప్పాడు. వాళ్ళ అల్లుడెవరో విమానాల కంపెనీలో ఉన్నాడట.

రెండో రోజు పొద్దున ఓడ పైఅంతస్తులో నిలబడ్డాం. అప్పటిదాకా ఒకపక్క సన్నగా ఏదో దీవి గీత కనపడుతూ ఉండింది. అది పోయింది. ఆమె కుడికి తిరిగి చూసింది. ఎడమకు చూసింది. తర్వాత, మద్రాసులో తిరిగినట్టే, వెనక్కి తిరిగింది. వెనక కూడా నీళ్ళే. బజ్జీల బండి లేదు.

పక్కన హోసూరు ముసలాయన, ఆయన భార్య నిలబడి ఉన్నారు. నా భార్య కొంగు కింద నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడ కొనడానికి ఏముందా అనుకున్నాను. రెండు వేళ్ళు నొక్కింది. కొంచెం ఆగి, మొత్తం ఐదు వేళ్ళూ నొక్కింది. వెంటనే నాలుగు.

రెండు. తొమ్మిది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నువ్వు బస్సులో ఉండంగానే. ధర ఎంతో కనుక్కుందామని కొట్టుకు ఫోన్ చేసినా. 'సార్ ఇప్పుడే కట్టేసి పోయినారు మేడమ్' అన్నాడు. ఎంతకని అడిగితే సెప్పేసినాడు."

"మరి అప్పుడే అనలేదే?"

"అంటే రద్దు చేయమని కూడా అనాల్సొచ్చేది కదా," అంది. కొంగు సర్దుకుని, "మా నాయనకు మాత్రం సెప్పొద్దు సార్. ఆయన ఓర్సుకోలేడు," అంది.

మామకు ఎవరమూ చెప్పలేదు. ఆయన ఇరవై వేల మాట మీదే పోయాడు.

ఓడ దిగి వచ్చాక ధర అడగడం మానేస్తామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. సరుకు అమ్మేసిన రైతు మర్నాడు మార్కెట్టు ధర అడక్కుండా ఉంటాడా అంది. కొత్త క్యాలెండరు వచ్చింది. శనివారం గడిలో అంకెలు పడ్డాయి. ధర పెరిగితే ఆ వారం ఆమెకు పండగ. "సూడు, మనం పోయిందే మేలు." తగ్గితే, "ఇప్పుడు ఓడ పాతబడి ఉంటాది, ఇంకేమిస్తారు?" ఏ ధరకైనా మేము గెలిచినట్టే తేలేది. ఇలా చాలా ఏళ్ళు. మళ్ళీ ఓడెక్కాలని మాలో ఎవరమూ ఒక్కసారి కూడా అనలేదు.

ఆమె పోయింది నేను ఉద్యోగంలో ఉండగానే. సెలవు ముగించుకుని కుప్పం వెళ్ళిన మొదటి శనివారం, అలవాటు కొద్దీ ఆ కొట్టులోకి పోయాను. రైలు గురించి అడిగాను. అతనికి విషయం తెలియదు. నన్ను చూసి నవ్వి, నేను చెప్పుల దాకా రాకముందే, "ముప్పై ఏడు సార్, బాగా పెరిగింది," అన్నాడు. ఆమె ఉంటే ఆ వారం పండగే. ఆ అంకె మోసుకుని పుంగనూరు వచ్చాను. తాళం తీసి వంటింట్లోకి వెళ్ళి, క్యాలెండరులో ఆ శనివారం గడి చూశాను. పెన్ను పక్కనే దారంతో కట్టి ఉంది. రాయలేదు.

ఆ తర్వాత శనివారాలు స్టేషను దారిన కాకుండా కాలేజీ వెనక సందులోంచి బస్టాండుకు వెళ్ళేవాణ్ణి. తర్వాత రిటైరయ్యాను. మా ఇంట్లో ఇప్పుడు ఓడ ధర అడగడం లేదు.